సరిసమానంగా లేచిన చేతులు

మొన్న మిర్యాలగూడలో మా అమ్మాయి ఇంట్లో టీవీ ముందు కూర్చుంటే లోక్‌సభలో ఏదో బిల్లు మీద ఓటింగు నడుస్తోంది. ముందు నోటిమాటతో అవునా కాదా అని అడిగారు, కొందరు ఒప్పుకోకపోయేసరికి గంట మోగించి, తలుపులు మూయించి, సభ్యులచేత మీటలు నొక్కించారు. రెండు పక్కలా సమానంగా వస్తే ఎట్లా అని మనవరాలు అడిగింది. అప్పటిదాకా ఓటు వేయని స్పీకరు అప్పుడు వేస్తారని చెప్పాను గానీ, చెబుతుంటేనే పాత సంగతి ఒకటి గుర్తొచ్చింది. మన వయసువాళ్ళకు ఇలాంటివి ఊరికే గుర్తురావు కదా.

మా మామగారు నేరేడుచర్ల వైపు ఒక కాలువకు నీటి సంఘం పెద్ద. ఆయనకు పార్లమెంటంటే ప్రాణం. రేడియోలో సభ వార్తలు వస్తుంటే వంటింట్లో గిన్నె చప్పుడు కాకూడదు. పప్పా పులుసా అన్నదానికి కూడా చేతులెత్తమనేవారు, మా అత్త గరిటె ఎత్తేది. సంఘం కుర్చీలో కూర్చుంటే మాత్రం నవ్వులాటలుండవు, అందరి చేతులూ లెక్కపెట్టేవారే తప్ప తన చేయి ఎత్తేవారు కాదు.

మా అత్తవారి పొలాలు ఆ కాలువ మొదట్లో ఉంటే మా నాన్న పొలం చివర ఉండేది. ఒక ఏడు పైనుంచి వచ్చే నీళ్ళు సన్నగిల్లాయి, వరేమో కంకి తీసే ముందు, నీళ్ళు తప్పని వేళ, పొట్ట మీదుంది. పై తూములు కొన్నాళ్ళు మూసి చివరి భూములకు నీళ్ళు పోనివ్వాలని కిందివాళ్ళు, కుదరదని పైవాళ్ళు మా అరుగు మీదే కూర్చున్నారు. కిందివాళ్ళలో మా నాన్న ఉన్నాడు. తూములు మూస్తే ఊరు మా గడప తొక్కదు, మూయకపోతే పుట్టింటి పంట దక్కదు, ఏ దేవుడికి ఏమని మొక్కుకోవాలో తెలియక నేను టీ గ్లాసులు పట్టుకుని తలుపు వెనకే నిలబడిపోయాను. చేతులెత్తితే సరిసమానంగా వచ్చాయి. అందరూ మామగారి వైపు చూశారు.

“చెరి సగమైనప్పుడు కుర్చీల ఉన్నోడు తన ఇష్టం నడపొద్దు. ఉన్నది ఉన్నట్టు ఉంచి మల్ల మాట్లాడుకునే దారి ఉంచాలె, పార్లమెంటుల గదే పద్ధతి. తూములు మూయొద్దనే నా ఓటు. వచ్చే వారం మల్ల కూసుందాం,” అన్నారాయన.

“మనం ఆగుతం బావా, వరి ఆగుతదా?” అన్నాడు మా నాన్న.

మామగారు చేతుల లెక్క పుస్తకంలో రాసి కుర్చీలోంచి లేచారు. ఆయన స్వార్థానికి అలా చేశారని నేను ఈనాటికీ అనను. ఉన్నది ఉన్నట్టు ఉంచడమంటే మా మడుల్లో నీళ్ళు నిలవడమేనని ఆయనకు తోచలేదు, అంతే. ఆ వారమంతా పుట్టింటి నుంచి కబురు రాకపోతే భయపడ్డాను, ఎవరైనా అటునుంచి వస్తుంటే ఇంకా భయపడ్డాను. మళ్ళీ కూర్చున్నప్పుడు, చివరి పొలాలు చూసొచ్చిన పైవాళ్ళు కూడా మాట పెంచకుండా తూములు మూయడానికి ఒప్పుకున్నారు. నీళ్ళు వెళ్ళాయి. కానీ వరి అప్పటికే తెల్లకంకి వేసింది, గింజ పట్టలేదు. నాన్న దాన్ని పశువులకు కోసి వేశాడు.

మామగారు ఆ కుర్చీ మళ్ళీ ఎక్కలేదు. మా మడుల్లో పండిన కొత్త బియ్యం వండిన రోజు విస్తరి ముందు చాలాసేపు కూర్చుని, ఒక్క ముద్ద కూడా తినకుండా లేచిపోయారు.

ఇప్పుడు ఎవరి బోరు వాళ్ళది, ఎవరి మోటారు వాళ్ళది. నీళ్ళ కోసం ఒకరి అరుగు మీద ఒకరు కూర్చోవాల్సిన పని లేదు, చేతులెత్తించాల్సిన అవసరమూ లేదు. ఆ పరేషాన్లన్నీ పోయినందుకు సంతోషమే. కాకపోతే ఇప్పుడు పక్కవాడి పొలం ఎండితే మనకు తెలియను కూడా తెలియదు, మన అన్నం మనకు హాయిగా సహిస్తుంది.