మంచు కదిలితే దారి లేదు

మొన్న అల్ ఖోర్‌లో, ఇప్పుడు నేను పనిచేస్తున్న ఇంట్లో, ఫ్రీజరు కడగాలని స్విచ్చి ఆపి తలుపు తెరిచిపెట్టి బెండకాయలు తరుగుతూ ఉంటే, లోపల పేరుకున్న మంచు పలక ఒకటి ఫెళ్ళున విరిగి కిందపడింది. కత్తి చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. మంచు కురిసే ఊరు నేను పుట్టి బుద్ధెరిగి చూడలేదు. గోదావరి లంకలో పుట్టి, అయిదో తరగతితో బడి మానేసి, ఈ ఎడారి దేశానికి వంటమనిషిగా వచ్చినదాన్ని. అయినా రష్యాలో ఎక్కడో ఉత్తరపు కొసనున్న ఒక చిన్న ఊరి సందుగొందులన్నీ నాకు తెలుసంటే మీరు నవ్వకండి.

ఆ ఊరిని నాకు చూపించింది, ముఐథర్‌లో నేను మునుపు పనిచేసిన ఇంటి పెద్దావిడ, మా మేడమ్ తల్లి. అల్లుడికి ఇక్కడ గ్యాసు కంపెనీలో ఉద్యోగం. ఒంటరిగా ఉండలేని వయసు వచ్చాక కూతురు తెచ్చి దగ్గర పెట్టుకుంది. రష్యాలోని ఆ ఊళ్ళోనే చిన్నపిల్లలకు పాఠాలు చెప్పిన మనిషి కాబట్టి ఊరికే కూర్చోలేక వంటింట్లోకి వచ్చి, రొట్టెలకని నేను బల్ల మీద చల్లిన పిండిలో వేలితో నది గీసేది. ఆవిడకు వచ్చిన కాస్త ఇంగ్లీషూ, నా వంటింటి ఇంగ్లీషూ చాలనిచోట చేతులు మాట్లాడేవి. ఈ గట్టున ఊరు, అన్నీ కొయ్య ఇళ్ళే. పూర్వం అక్కడి నేలలో ఉప్పునీటి ఊటలు దొరికితే కట్టెలు మండించి కాచి ఉప్పు తీసేవారట, ఆ ఉప్పు వర్తకులే తెల్లటి చర్చిలు కట్టించారట. తర్వాత ఉప్పు వేరేచోట్ల చౌకగా దొరికి ఆ పొయ్యిలు ఆరిపోయాయి, అడవి కొట్టి దుంగలు నదిలో వదిలే పని వచ్చింది, రైలు మాత్రం ఎక్కడో దూరం నుంచి పోయింది, అందుకని ఊరు అంతే ఉండిపోయిందట.

చలికాలం నది గడ్డకడితే దాని మీదే బండ్లు నడుస్తాయట. మంచు తుఫానులో దారి తప్పకుండా రెండు పక్కలా చెట్టుకొమ్మలు పాతుతారట. చలి విరిగే రోజుల్లో ఆ గడ్డ ఫిరంగి పేలినట్టు పగిలి కదులుతుంది. ఇక నది తేటపడి పడవ తిరిగేదాకా ఈ గట్టు ఈ గట్టే, ఆ గట్టు ఆ గట్టే. పెళ్ళయినా చావయినా ఆగవలసిందే. రాలేదని ఎవరూ ఎవరినీ నిష్ఠూరమాడరట. వరదకు పడవలు కట్టేసినప్పుడు మా లంకలోనూ అంతేనని నేనంటే, ఆవిడ పిండి చేత్తోనే నా బుగ్గ నిమిరింది.

తర్వాత ఆవిడకు మతి తప్పడం మొదలైంది. అవతలి గట్టు పల్లెలో అమ్మ జబ్బుగా ఉంది, మంచు గట్టిగా ఉండగానే దాటాలని సంచి సర్దుకుని బయలుదేరేది. మీ అమ్మ పోయి ఎన్నో ఏళ్ళయిందని మేడమ్ చెప్పేది. ప్రతిసారీ ఆ కబురు అప్పుడే విన్నట్టు ఏడ్చి, కాసేపటికి మరిచి మళ్ళీ సంచి అందుకునేది. ఒక జూన్ మధ్యాహ్నం ఎవరూ చూడకుండా ఉన్నికోటు తొడుక్కుని వెళ్ళి మసీదు మలుపులో పడిపోతే, మా డ్రైవరు, కడప వైపు తమ్ముడు, ఎత్తుకొచ్చాడు. ఇంకోసారి ఇలా అయితే మనిషి దక్కదని డాక్టరు చెప్పాడు. మేడమ్ ఏడుస్తూనే, గదికి బయటినుంచి గడియ బిగించడానికి మనిషిని పిలిపించింది.

అతను వచ్చి గుమ్మంలో పెట్టె దించుతుండగానే ఆవిడ మళ్ళీ సంచితో వచ్చింది. మేడమ్ చేయి పట్టుకుని ఆపుతోంది, ఆవిడ విడిపించుకుంటోంది. ఏం తోచిందో ఏమో, నేను మధ్యకు వెళ్ళి మా కలగాపులగపు భాషలోనే, "మంచు కదిలిందమ్మా. కొమ్మలు కూడా కొట్టుకుపోయాయి. ఇవాళ ఎవరూ దాటడం లేదు," అన్నాను.

ఆవిడ ఆగింది. పొద్దున్నేనా అని అడిగింది, పొద్దున్నే అన్నాను. సంచి కింద పెట్టింది.

"అయితే అమ్మ కూడా ఆ గట్టున నిలబడి చూస్తూనే ఉంటుందిలే," అని, కుర్చీలో కూర్చుని టీ అడిగింది.

డ్రైవరు తమ్ముడు నా వెనకే వంటింట్లోకి వచ్చాడు. "ఏం చెప్పినావక్కా, అట్ల నెమ్మదైపాయ?"

"నది పొంగిందని చెప్పాను."

"ఈ ఎడారిలో నదా? నీగ్గూడా ఎండదెబ్బ తగిలినట్టుండాదే."

గడియ మనిషికి టీ ఇచ్చి పంపేశాం. మేడమ్ కూడా ఆ మాటే నేర్చుకుంది, ఆవిడ సంచి తీసినప్పుడల్లా మా ఇంటి ముందు మంచు కదిలేది. తాళం లేని ఆ గదిలోనే, ఒక చలిరోజు తెల్లవారుజామున ఆవిడ నిద్రలోనే వెళ్ళిపోయింది.

మేడమ్ తల్లి శవపేటికతో ఆ ఊరికి వెళ్ళి వచ్చాక ఫోనులో ఫొటో చూపించింది. నది మీద సిమెంటు వంతెన, ఏడాది పొడుగునా కార్లు పోతున్నాయట. ఇక ఎవరూ ఆగనక్కరలేదని మురిసిపోయింది. నేనూ సంతోషించాను, జబ్బుమనిషి వేళకు ఆసుపత్రికి చేరుతుందంటే ఎవరికి చేదు? మా లంకకూ వంతెన పడింది. మా చిన్నప్పుడు రాలేకపోయినవాళ్ళ తప్పునంతా నీళ్ళే మోసుకుపోయేవి. ఇప్పుడు అన్ని దారులూ తెరిచే ఉన్నాయి, విమానమెక్కితే ఒక్కపూట ప్రయాణం. ఎప్పుడొస్తావే అని ఫోనులో మా అక్క అడిగినప్పుడల్లా, అడ్డమని చెప్పుకోవడానికి నాకు ఒక్క నది కూడా లేదు.