సరంగు వలలో పొరపాటు పడదు

ఆ సరంగు జీవితంలో ఒక్క పొరపాటూ జరగలేదు. మనిషన్నాక జరగకుండా ఉంటాయా అంటారేమో. జరిగేవి, నిక్షేపంలా రోజుకొకటి జరిగేవి. కాకపోతే జరిగిన ప్రతిదాన్నీ ఆయన తాపీగా తలపంకించి "కావాలనే చేశాను" అనేవాడు. కాలు జారి నీళ్లలో పడ్డా కావాలనే. గొడుగు బస్సులో మరిచిపోయినా కావాలనే. రేవులో ఆయన అసలు పేరు అడిగితే ఎవరూ చెప్పలేరు కానీ, 'కావాలని సరంగు' అంటే చంటిపిల్లలు కూడా పడవ చూపిస్తారు.

ఈ వైభవమంతా దగ్గరుండి చూసినవాడు, చూడక తప్పనివాడు బావమరిది. సరంగు ఆ పడవ నడిపితే, బావమరిది అదే పడవ మీద వంట చేసేవాడు, వలలు బాగుచేసేవాడు. సముద్రం మీద ఉన్నా ఒడ్డున ఉన్నా బావగారి బారినుంచి తప్పించుకునే వీలు అతనికి లేదు. అక్కని ఇచ్చిన పాపానికి తనని కూడా కలిపి ఇచ్చేశారని వాపోయేవాడు.

ఒకరోజు పొద్దున్నే టీలో పంచదారకు బదులు ఉప్పు పడింది. సరంగు ఒక గుక్క తాగాడు. ఆయన కనుబొమలు నెత్తిమీదికి వెళ్లి, కాసేపు అక్కడే ఉండి, దిగివచ్చాయి. ఎదురుగా అత్తగారు, అంటే బావమరిది తల్లి, తన గ్లాసు కిందపెట్టి మొహం చిట్లించింది.

"ఏంటిది? ఉప్పు కషాయంలా ఉంది!"

"కావాలనే వేయించాను అత్తయ్యా. సముద్రం మీద తిరిగేవాడికి ఒంట్లో ఉప్పు తగ్గకూడదు."

"తిరిగేది నువ్వు కదా! నాకెందుకూ?"

"నాకు తోడుగా."

అని గ్లాసు ఖాళీ చేసి మూతి తుడుచుకున్నాడు. అన్న మాట నిలబెట్టుకోవాలి కాబట్టి ఆ వారమంతా ఉప్పు టీయే తాగాడు. అత్తగారు మాత్రం ఆ వారం మంచినీళ్లతో సరిపెట్టుకుంది.

ఇంకోసారి తమ పడవలోని ఇంజను మేస్త్రీ కూతురి పెళ్లికని ఇంటిల్లిపాదీ బయల్దేరి, ఇంకెవరి పెళ్లికో వెళ్లారు. భోజనాలయ్యాయి. గోడగడియారం చేతికిచ్చి ఆశీర్వదిస్తుంటే, పెళ్లికొడుకు మొహమాటంగా "మీరెవరి తరఫండీ?" అన్నాడు. అప్పుడు గోడమీది పేర్లు చూశారు. బావమరిదికి కాళ్లకింద నేల కదిలింది. సరంగు చెక్కుచెదరలేదు.

"ఎవరి తరఫూ కాదు బాబూ. రెండు పెళ్లిళ్లున్నాయి. మీదే బాగుంటుందనిపించి, కావాలనే ఇటొచ్చాం."

పెళ్లికొడుకు మురిసిపోయాడు. ఆ దంపతులకి పిల్ల పుడితే మొదటి ఫోను సరంగుకే వచ్చింది. ఇంజను మేస్త్రీ మాత్రం చాలాకాలం మాట్లాడలేదు.

ఇలాంటి మనిషికి వృత్తి కూడా దానికి తగ్గదే దొరికింది. వలన్నాక అడిగిందే పడుతుందా? ఆ పడవకి అనుమతి ఉన్నది పైనీళ్లలో గుంపులుగా తిరిగే చిన్న చేపలకే. అడుగున తిరిగే పెద్ద చేపలు అప్పుడప్పుడూ దారితప్పి వలలో పడేవి. వాటిని అమ్మకూడదు. అమ్మనిస్తే అందరూ వాటికోసమే వలలు దించుతారని ఆ కట్టడి. అందుకని పైకొచ్చేసరికే చచ్చిపోయిన పెద్ద చేపల్ని పడవలవాళ్లంతా మళ్లీ సముద్రంలోకే విసిరేసేవారు. బంగారంలాంటి తిండి నీళ్లపాలయ్యేది. చివరికి పై అధికారులకి దయ కలిగింది. పొరపాటున పడ్డ చేపైతే ఊరికే ఫుడ్ బ్యాంకుకి ఇచ్చేయొచ్చన్నారు.

ఫుడ్ బ్యాంకంటే ఇల్లు గడవనివాళ్లకి సరుకులు ఊరికే ఇచ్చే చోటు. రేవు వెనకవీధిలో, ఒకప్పుడు టైర్ల కొట్టుగా ఉన్న పొడుగాటి గది. ఎంత కడిగినా రబ్బరు వాసన పోలేదు. ఒక గోడంతా అరలు. వాటిలో పప్పు, బిస్కెట్లు, డబ్బాల్లో కూరగాయలు. మూలన ఒక పాత ఫ్రీజరు రోజంతా గురకపెడుతూ ఉండేది. దాన్ని నడిపేది ఆసుపత్రి ఉద్యోగం నుంచి రిటైరైన ఒకావిడ. అందరూ నర్సమ్మగారనేవారు. మొదటిసారి సరంగు చేపల పెట్టెలు మోయించుకుని వెళ్లినరోజు ఆవిడ పొంగిపోయింది.

"పొరపాటున పడ్డాయాండీ?"

"పొరపాటా? నా వలలోనా? కావాలనే పట్టాను."

ఆవిడ చెయ్యి పెట్టె మీదనుంచి చటుక్కున వెనక్కి వెళ్లింది.

"అమ్మో, అలా అనకండి! కావాలని పట్టినవైతే దొంగసొత్తు కింద లెక్క. నేను ముట్టుకోకూడదు. పొరపాటున పడ్డాయని ఒక్క మాట అనండి, చాలు."

సరంగు ఫ్యాను వైపు చూశాడు. అరల వైపు చూశాడు. ఐసు కరిగి నీళ్లు గుమ్మందాకా వచ్చాయి. చివరికి బావమరిది ముందుకొచ్చి "పొరపాటేనమ్మా, ముమ్మాటికీ పొరపాటే" అని దణ్ణం పెట్టాడు. అప్పట్నుంచీ అదే ఆనవాయితీ అయింది. పెట్టెలు దింపగానే సరంగు ఏదో పనున్నట్టు బయటికెళ్లి నిలబడేవాడు. లోపల బావమరిది ఆయన తరఫున పొరపాటు ఒప్పుకునేవాడు.

ఆ గదికి సరుకులకోసం వచ్చేవాళ్లలో ఎండైనా వానైనా ఉన్ని టోపీ తియ్యని ఒక ముసలాయన ఉండేవాడు. టోపీ తాత అనేవారు. ఏదిచ్చినా నేలచూపులు చూస్తూ సంచి చాపేవాడు. ఒకసారి చేప పొట్లం అందుకుంటూ, "ఇంతే కదమ్మా. పొరపాటున పడ్డవేగా మాదాకా వచ్చేవి" అని గొణిగాడు.

గుమ్మం బయటున్న సరంగు సర్రున లోపలికొచ్చాడు.

"ఎవరయ్యా పొరపాటన్నది? నా వలలో పొరపాటు పడదు. ఇవి మీకోసం కావాలనే పట్టాను."

"సరంగుగారూ, మీరు బయటికెళ్లండి!" అని నర్సమ్మగారు చెవులు మూసుకుంది.

టోపీ తాత మాత్రం తలెత్తి ఆయన్ని ఎగాదిగా చూశాడు. "నాకోసమా? అయితే ఈసారి తలకాయ కూడా ఉంచు. పులుసులోకి బాగుంటుంది" అన్నాడు. ఆ తర్వాత ప్రతివారం ఏదో ఒకటి పురమాయించేవాడు. మనిషి కాస్త నిటారుగా కూడా నిలబడుతున్నాడని నర్సమ్మగారు అంది. బావమరిదికి ఇదంతా బావగారి గొప్పలే అనిపించింది.

ఇలా ఉండగా కొంప మునిగే రోజు రానే వచ్చింది. వల కింది తాడుకి సీసపు గుండ్లు కడతారు. గుండ్లు పెరిగేకొద్దీ వల లోతుకి దిగుతుంది. బావమరిది తాడుకి కొత్త గుండ్లు కట్టాడు. పాతవి విప్పుదామనుకునేలోగా పొయ్యి మీద అన్నం పొంగింది. పరుగెత్తి మూత తీసి, మంట తగ్గించి, తిరిగొచ్చేసరికి పాతవి విప్పేశాననే అనుకున్నాడు. మర్నాడు వల రెండింతల బరువుతో సముద్రం అడుగుదాకా దిగింది. పైకి లాగితే అన్నీ పెద్ద చేపలే. మందుకి కూడా ఒక్క చిన్న చేప లేదు.

బావమరిది తాడు చూశాడు, గుండ్లు చూశాడు, ప్రాణం చేపల్లో కలిసిపోయినట్టయింది. సరంగు కూడా తాడు చూశాడు. వెళ్లి చుక్కాని పట్టుకున్నాడు.

భయానికి కారణం ఉంది. ఎవడో ప్రబుద్ధుడు ఫుడ్ బ్యాంకు పేరు చెప్పి పెద్ద చేపలు అమ్ముకున్నాడని తేలి, రేవుకి కొత్త అధికారిణిని వేశారు. ఇకమీదట ఎలా పడ్డాయో సరంగే తన నోటితో చెప్పాలని ఆవిడ కట్టుదిట్టం చేసింది. ఈయన తన అలవాటు ప్రకారం "కావాలనే" అన్నాడంటే పడవని ఈ వేట కాలమంతా కట్టేస్తారు, చేపల్ని గోతిలో పూడ్చిపెడతారు. గుండ్లు కట్టిందెవరో తేలితే బావమరిది పని ఊడుతుంది. పొయ్యి ఆర్పకుండా వెళ్లినందుకు అతనికి అప్పటికే పడవ యజమాని నుంచి ఒక హెచ్చరిక ఉంది.

రేవులో అధికారిణి పడవెక్కింది. ఒడ్డున వ్యాను పక్కనే నర్సమ్మగారు నిలబడి ఉంది. ఫ్రీజరు ఖాళీ అయి చాలా రోజులైంది మరి. ఆవిడ కళ్లు పెట్టెల మీదే ఉన్నాయి.

"ఇన్ని పెద్ద చేపలు ఎలా పడ్డాయండీ?" అంది అధికారిణి.

"పొరపాటున మేడమ్, ముమ్మాటికీ..." అని బావమరిది మొదలుపెట్టాడు.

"మిమ్మల్ని కాదు. సరంగుగారు చెప్పాలి."

సరంగు గొంతు సవరించుకున్నాడు. ఇంజను మేస్త్రీ కళ్లు మూసుకున్నాడు.

"కా..." అన్నాడు సరంగు.

ఒడ్డుమీద నర్సమ్మగారు వ్యాను తలుపు పట్టుకుంది.

"కా... కాదనను. పొరపాటే."

ఆ మాట ఆయన నోట్లోంచి రావడం పడవలో ఎవరూ ఎన్నడూ వినలేదు. ఆయన చెవులకి కూడా అది కొత్తే అయినట్టుంది, ఒకసారి వెనక్కి తిరిగి చూసుకున్నాడు. అధికారిణి వంగి తాడు పట్టుకుంది.

"గుండ్లు రెండు వరసలున్నాయే! ఇవి కట్టిందెవరు?"

బావమరిది ఒక అడుగు ముందుకేశాడు. "మేడమ్, కట్టింది..."

"నేనే," అన్నాడు సరంగు. "పాతవి విప్పడం మరిచాను. చూపు ఆనడం లేదమ్మా."

కనుచూపు మేరలో కొంగ వాలితే ఏ కాలు ఎత్తిందో చెప్పే మనిషి ఆయన! అధికారిణి ఆయన్ని అనుమానంగా చూసి, పక్కనే లంగరేసిన పడవ వైపు వేలు చూపించింది.

"దానిమీద ఏం రాసుందో చదవండి."

"దేనిమీద?"

"ఆ పడవమీద."

"అక్కడ పడవుందా?" అన్నాడు సరంగు కళ్లు చికిలించి.

ఇంజను మేస్త్రీకి దగ్గొచ్చి అవతలికి వెళ్లిపోయాడు. అధికారిణి పెదవి బిగించి నవ్వు ఆపుకున్నట్టే అనిపించింది. "సరే. చేపలు ఫుడ్ బ్యాంకుకి పంపండి. గుండ్లు నా ముందే విప్పండి. కళ్లజోడు లేకుండా ఇంకోసారి కనపడితే మాత్రం పడవ కదలనివ్వను" అని దిగిపోయింది.

ఆ సాయంత్రం టైర్ల వాసన గదిలో చేపలు శుభ్రం చేస్తూ బావమరిది ఆలోచనలో పడ్డాడు. కత్తి ఆడుతోంది కానీ మనసు ఎక్కడెక్కడికో పోతోంది. ఆరోజు టీ పెట్టిందెవరు? అక్క. ఎదురుగా కూర్చున్నదెవరు? అక్క చేసే ప్రతి పనిలోనూ వంక వెతికే అమ్మ. శుభలేఖ చదివి ఆటోవాడికి దారి చెప్పిందెవరు? తనే! ఆ తర్వాత ఇన్నేళ్లలో తననెవరైనా ఒక్క మాటన్నారా? పడవ మీద ఎవరి చెయ్యి జారినా, ఎవరి లెక్క తప్పినా, వాళ్లు నోరు తెరిచేలోపే బావగారి 'కావాలనే' అడ్డొచ్చేసేది. తన బుర్రకి ఇంత చిన్న సంగతి ఇన్నాళ్లూ తట్టనందుకు అతనికి సిగ్గేసింది. బావమీద ప్రేమ ముంచుకొచ్చింది. చేపల కంపు చేతులతో కౌగిలించుకోబోతే, "ఏంట్రా, చొక్కా పాడవుతుంది" అని సరంగు పక్కకి తప్పుకుని, ఐసు పెట్టెలో కాలేశాడు.

"కావాలనేగా బావా?" అన్నాడు బావమరిది.

"మరే! కాళ్లు మండుతున్నాయి."

మర్నాడు సరుకులిచ్చే రోజు. సరంగు కొత్త కళ్లజోడుతో వచ్చాడు. కంటిలో దోషమేమీ లేదని కొట్టువాడు ఎంత మొత్తుకున్నా, ఉత్త అద్దాలే వేయించుకుని వచ్చాడు. అలవాటు లేక గుమ్మాన్ని ఒకసారి, నర్సమ్మగారి బల్లని ఒకసారి గుద్దుకున్నాడు. ఫ్రీజరు నిండుగా గురకపెడుతోంది.

టోపీ తాత ముందుకొచ్చాడు. సంచి చాపలేదు. మళ్లీ నేలచూపులు చూస్తున్నాడు.

"రేవులో అందరూ అనుకుంటున్నారు. ఇవి పొరపాటున పడ్డాయని నువ్వే చెప్పావటగా?"

బావమరిది చేతిలో పొట్లం పట్టుకుని బావ వైపు చూశాడు. సరంగు కళ్లజోడు తీసి, చొక్కాకి తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు.

"అవును, అన్నాను," అన్నాడు. "కావాలనే అన్నాను."

నర్సమ్మగారు ఈసారి చెవులు మూసుకోలేదు. అర సర్దుతున్నట్టు అటు తిరిగిపోయింది.

"అదీ, అలా చెప్పు!" అన్నాడు టోపీ తాత. సంచి చాపి పొట్లం అందుకున్నాడు. అక్కడే విప్పి చూశాడు. చూసి, తలకాయ పెట్టమంటే తోక ముక్కలు పెట్టావేంటని బావమరిది మీద అంతెత్తున లేచాడు. తనకోసమే పట్టిన చేపాయె, ఊరుకుంటాడా మరి!