చదవకుండా దాటేసిన వాక్యం

మొన్న ఆదివారం మా ఆవిడ ఫోనులో వచ్చిన ఒక సందేశం పైకి చదివింది. మా వీధి వాళ్ల గ్రూపులో ఎవరో పంపారట. ఎక్కడో ఏదో నగరంలో ఇడ్లీ పిండిలో సబ్బుపొడి కలుపుతూ పట్టుబడ్డారని రెండు పేరాలు, చివర్న "మన నరసరావుపేటలో కూడా జరుగుతోందట, అందరికీ పంపండి" అని ఒక ముక్క. మా వీధిలో బండి మీద ఇడ్లీలు అమ్మే ఆమె ఒక్కతే ఉంది. "నిజమేనంటారా?" అంది మా ఆవిడ. నేను చొక్కా వేసుకుని బయటికి వచ్చేశాను. అలాంటి చివరి ముక్క ఎలా పుడుతుందో నాకు బాగా తెలుసు. ఇరవై ఏళ్ల పైమాటే, ఒకదాన్ని నా చేత్తో నేనే పుట్టించాను. ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు.

అప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు. బస్టాండు వెనక సందులో ఇంటర్నెట్ సెంటర్ పెట్టాను. మూడు కంప్యూటర్లు, ఒక ఫ్యాను, గోడకు ఏదో మంచుకొండ బొమ్మ. చెప్పులు బయట విడిచి రావాలి. దుమ్ము పడకుండా నేను పెట్టిన నియమం అది. జనం మాత్రం భక్తితోనే విడిచేవారు, ఎందుకంటే మా అమ్మ మూడు మానిటర్లకూ పసుపు రాసి బొట్లు పెట్టింది. లైను కలిసేటప్పుడు మోడెం పెట్టే కీచుమనే రొదకు సందులో కుక్క ఒకటి బదులు పలికేది. పదో తరగతి ఫలితాల రోజున తొక్కిసలాట, మిగతా రోజుల్లో ఈగలు. ఒకసారి గురజాల నుంచి వచ్చిన పెద్దాయన గంటసేపు తెర వంక చూసి, "వానెప్పుడో చెప్పదంటయ్యా ఇది?" అని అడిగాడు. చెప్పదన్నాను. "మరెందుకు దీనికింత కరెంటు!" అని కండువా దులుపుకుని వెళ్లిపోయాడు.

జనాన్ని గుమ్మం దాకా రప్పించడానికి బయట ఒక ప్లైవుడ్ బోర్డు పెట్టి, పైన "ఇంటర్నెట్ వార్తలు" అని రాయించాను. కంప్యూటర్లో తెలుగు అక్షరాలు డబ్బాల్లా కనపడే రోజులవి. అందుకని ఇంగ్లీషులో చదివింది నేనే తెలుగు చేసి, చార్టు కాగితం మీద స్కెచ్ పెన్నుతో రాసి అంటించేవాణ్ణి. అక్షరాలు నావే అయినా అది కంప్యూటర్ చెప్పినట్టే లెక్క. పేపర్లో వచ్చినదాన్ని "అంతా అబద్ధం" అని కొట్టిపారేసే మనుషులు కూడా నా బోర్డు ముందు చేతులు వెనక్కి కట్టుకుని, పెదవులు కదుపుతూ చదివేవారు. వాళ్లు అలా నిలబడటం నాకు తలకెక్కింది. విలేకరినైపోయాననే అనుకున్నాను.

సెంటరుకు ఎదురుగా కారం మిల్లు. భర్త పోయాక దాన్ని ఒంటిచేత్తో నడిపే ఆమెను సందంతా అత్త అనేది. ఎండలు ముదిరి పచ్చళ్ల రోజులొస్తే ఎండుమిరపకాయల సంచులు అరుగు దిగి రోడ్డు మీదకు వచ్చేవి. ఎవరి కాయలు వాళ్లే తెచ్చుకుని, అవి మిషన్లో పడి కారమై డబ్బాలోకి దిగేదాకా ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని అక్కడే నిలబడేవారు. మొదటి దోసెడు కారంలో ముందువాళ్ల కారం కలిసి ఉంటుందని ఆమె దాన్ని తీసి వేరే డబ్బాలో పోసేది. "ఒకళ్ల ఘాటు ఇంకొకళ్ల కూరలో పడగూడదు" అనేది. నేను తుమ్మితే రోడ్డుకు అటునుంచి కేకేసేది. "ఒరేయ్ అల్లుడూ, నీ కంప్యూటర్ కూడా తుమ్ముద్దేమో, ముక్కు మూసిపెట్టు!"

ఆ ఏడు పచ్చళ్ల రోజుల మొదట్లోనే, ఏదో పరదేశంలో కారప్పొడిలో బట్టలకు వేసే రంగు కలిసిందని కనిపెట్టి, దుకాణాల్లోంచి తీసేశారన్న వార్త నెట్‌లో చదివాను. రాసి అంటించాను. పక్కన టీ కొట్టతను సగం చదివి, "యాడో దేశంలో కారం సంగతి మనకెందుకురా? ఆళ్లసలు కారం తింటారంటావా?" అన్నాడు. టీ తాగుతున్నవాళ్లంతా నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. లోపలికి వెళ్లి ఎర్ర స్కెచ్ పెన్ను తెచ్చి, అడుగున ఇంకో వాక్యం రాశాను. "మన చుట్టుపక్కల మిల్లుల్లో కూడా ఈ రంగు కలుపుతున్నట్టు సమాచారం."

ఆ సమాచారం నాకు ఎవరూ ఇవ్వలేదు. గంటలో బోర్డు ముందు గుంపు. ఆ రోజు మూడు కంప్యూటర్లూ ఖాళీ లేవు. సొంత కాయలు తెచ్చి, సొంత కళ్లెదుట ఆడించుకునే చోట రంగెక్కడ కలుస్తుందని ఒక్కరంటే ఒక్కరు అడగలేదు.

మర్నాడు సాయంత్రం అత్త రోడ్డు దాటి వచ్చింది. ఆమెకు చదువు రాదు. "ఏందిరా అల్లుడూ, పొద్దుట్నుంచి ఇద్దరే వచ్చారు. కారం మీద ఏందో రాశావంట. చదువు, ఇంటా" అంది. పక్కన ఒకాయన సైకిలు పట్టుకుని తనూ చదువుతున్నాడు. నేను పరదేశం గురించి చదివాను, రంగు గురించి చదివాను, దుకాణాల గురించి చదివాను. ఎర్ర అక్షరాల దాకా వచ్చి ఆగాను.

"అంతేనా?"

"అంతే అత్తా."

"ఓస్, ఆళ్లెవరో తప్పుజేస్తే ఈళ్లకేం పుట్టింది?" అని నవ్వి, మిల్లు వైపు రెండడుగులు వేసి మళ్లీ వెనక్కి తిరిగి చూసింది. సైకిలాయన నా మొహంలోకి చూశాడు. నేను తల దించుకున్నాను.

ఆ వేసవి మిల్లు ముందు సంచులు తగ్గాయి. కిరాణా కొట్లో కారం ప్యాకెట్ల సరాలు వేలాడాయి. ప్రతి ప్యాకెట్ మీదా నిగనిగలాడే మిరపకాయ బొమ్మ. లోపల ఏముందో ఎవరూ చూడలేదు, బొమ్మ బాగుంది, అంతే. ఇళ్లలో వాటిని కత్తిరించి డబ్బాలో పోయకుండా, వచ్చినవాళ్లకు కనపడేలా అద్దాల అలమరలో నిలబెట్టడం ఒక ముచ్చటైంది. కాలం మారింది, మిల్లులు ఎటూ పోయేవే అని నాకు నేను చెప్పుకున్నాను. అందులో కొంత నిజం ఉంది, ఆ కొంత నిజం చాటున చాలా ఏళ్లు దాక్కున్నాను. మూడో వేసవికి మిల్లు మూతపడింది. తన మిల్లులో మిరపకాయలు ఆడించిన మనిషి, కోల్డు స్టోరేజీలో మిరపకాయల ముచ్చికలు తీసే కూలికి వెళ్లింది. పొద్దున్నే క్యారేజీ పట్టుకుని నా సెంటరు ముందునుంచే ఆటో ఎక్కేది. నేను తెర వంక చూస్తూ ఉండేవాణ్ణి.

మొన్న ఆదివారం సాయంత్రం మా గ్రూపులో, ఇడ్లీల మాట అబద్ధమని, ఆ బండి దగ్గర నేను రోజూ తింటానని రాశాను. ఇద్దరు బొటనవేలి బొమ్మ పెట్టారు. దాంతో మనసు కుదుటపడలేదు. అత్త క్రోసూరులో చెల్లెలి ఇంట్లో ఉందని కనుక్కుని బుధవారం బస్సెక్కాను. వసారాలో కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. నన్ను పోల్చుకోవడానికి కాస్త సమయం పట్టింది.

"ఓరి, కంప్యూటర్ అల్లుడివా! జుట్టేమైందిరా?"

కూర్చున్నాను. మంచినీళ్లు తాగాను. "అత్తా, ఆ రోజు బోర్డు మీద ఉన్నదంతా నేను నీకు చదవలేదు" అన్నాను.

"తెలుసు." ఆమె చేతులు ఆగలేదు. "నేను రోడ్డు దాటకముందే ఆ సైకిలాయన మిల్లు కాడికొచ్చి చెప్పాడు, కింద ఎర్రసిరాతో ఇంకోటుందమ్మా అని."

"మరి నన్ను తిట్టలేదేం?"

"తిడదామనే ఎనక్కి తిరిగా. తల దించుకోని నిలబడ్డావు. సిగ్గుపడ్డాడులే, పొద్దున్నే చించేస్తాడు, ఇంక మనం అనేదేముంది అనుకున్నా. పొద్దున్నే తలుపు తీసి చూశా. ఉంది. మర్నాడూ ఉంది. చదువు రాకపోతే ఏం, ఎరుపు కనపడదా నాకు? ఎనిమిది రోజులు చూశాన్రా."

తొమ్మిదో రోజున దాని మీద క్రికెట్ స్కోరు అంటించింది కూడా నేనే.

"ఇప్పుడు చదువు" అంది.

కాగితం లేదు, నాకు అవసరమూ లేదు. ఆ వాక్యం అక్షరం పొల్లుపోకుండా చెప్పాను. ఆమె అప్పుడు చేతులాపి విన్నది.

"ఎవురు చెప్పారు నీకా సమాచారం?"

"ఎవరూ చెప్పలేదత్తా. నేనే కల్పించా."

మళ్లీ చింతపండు అందుకుంది. క్షమించానని అనలేదు, నేనూ అడగలేదు. చివరికి, "ఆ మాట నాకు గాదురా చెప్పాల్సింది. నా కాడ కాయలాడించుకున్నోళ్లకి చెప్పు" అంది.

అందుకే ఇది రాస్తున్నాను. బస్టాండు వెనక సందులోని ఆ మిల్లులో ఏనాడూ రంగు కలవలేదు. కలిసిందని రాసింది నేను, నలుగురు నవ్వినందుకు. ఆమె దగ్గర కారం ఆడించుకున్నవాళ్లలో ఎంతమంది మిగిలి ఉన్నారో, వాళ్లలో ఎందరు ఇది చదువుతారో నాకు తెలియదు. ఆ కాగితం చించడానికి నాకు ఎనిమిది ఉదయాలు దొరికాయి. ఆ తర్వాత దొరికిన వేల ఉదయాలన్నీ కలిపినా వాటిలో ఒక్కదానికి సాటి రావు.