లక్ష్మీకాంతమ్మ రానన్న దేశాలు

ఆళ్ళగడ్డలో విత్తనాలంగడి జనార్దనం ఇంటి హాల్లో ఆ పొద్దు డీలర్లంతా కూచోని ఒక దీవిని తిట్టిపోస్తాండారు. ఏ తప్పూ చేయని దీవి. యాడో కరీబియన్ సముద్రంలో, మ్యాపు మీద వేలు పెడితే వేలి కిందనే దాక్కునేంత దీవి. దాని పేరు సరిగ్గా పలికేది ఒక్కరికీ చేతకాలేదు గానీ, అది ఉత్త దండగని తేల్చేదానికి మాత్రం అందరికీ నోళ్ళు లేచినాయి.

“ఆడ ఒక్క బంగారం అంగడి కూడా లేదంటప్పా.”

“బంగారం పక్కన పెట్టు, అన్నమే దొరకదంట.”

“విమానాలు మారి మారి పోవల్ల. పోయి ఏం చేయల్ల? వీపుకు సిలిండరు కట్టుకొని నీళ్ళ కిందికి దిగి చేపల్ని చూడల్లంట! చేపలు తినేవాళ్ళకే లేని బాధ మనకెందుకు?”

అందరూ పగలబడి నవ్వినారు. అందరికంటే గట్టిగా నవ్వింది ఆదినారాయణ. ఆయనకు విత్తనాలంగడి లేదు, ఎరువులంగడి లేదు. ఉండేది బస్టాండు దగ్గర గుడ్డలంగడి. అయినా ఈ మీటింగుకొచ్చి ముందు వరసలో కూచున్నాడంటే దానికొక కారణం ఉంది.

ఇది ఈ పక్క విత్తనాల వ్యాపారంలో పాతుకుపోయిన మర్యాద. అమ్మకాల టార్గెట్టు ముట్టిన డీలర్లను కంపెనీవాళ్ళు ఫారిన్ టూరుకు తీస్కపోతారు. రెండు టికెట్లు. ఒకటి డీలరుకు, ఇంకోటి ఇంటామెకు. ఇంటామె టికెట్టు మీద ఇంటామె విమానమెక్కిన ముచ్చట ఆళ్ళగడ్డలో ఎవరూ ఎరగరు. ఒకింట్లో బామ్మర్ది పోతాడు, ఒకింట్లో వియ్యంకుడు పోతాడు. జనార్దనం ఇంట్లో స్నేహితుడు ఆదినారాయణ పోతాడు. బ్యాంకాకు పోయినాడు, మలేషియా పోయినాడు, దుబాయి పోయినాడు, సింగపూరు పోయినాడు. పోయిన ప్రతిసారీ జనార్దనం పెండ్లాం లక్ష్మీకాంతమ్మ పొయ్యి దగ్గర కూచోని వాళ్ళకు శెనక్కాయ పొడి కొట్టి, చక్కిలాలు కాల్చి, నిమ్మకాయ ఊరగాయ నూనె కారకుండా మూట కట్టిచ్చింది. ఆమె చేతి పొడి చూసినన్ని దేశాలు ఆమె చూళ్ళేదు.

ఇన్నేండ్లూ ఆమెకు అది పెద్ద బాధగా లేదు. బంగారం అంగళ్ళూ, ఎత్తు మేడలూ చూడకుంటే కొంప మునిగేదేముందిలే అనుకునేది. ఈసారి అట్ల కాదు. ఈ తూరి టూరు ఆ దీవికని కంపెనీవాళ్ళు జనార్దనం ఫోనుకు ఒక వీడియో పంపినారు. పచ్చగా, నీలంగా, అద్దం మాదిరి నీళ్ళు. ఆ నీళ్ళ అడుగున రాతి చెట్లు, వాటి సందుల్లో చేపలు, ఒక తాబేలు తీరిగ్గా రెక్కలాడించుకుంటా పోతాంది. ఆయన స్నానానికి పోయినప్పుడంతా ఆమె ఆ వీడియో పెట్టుకొని చూసేది. చూసి చూసి కండ్లల్లో నీళ్ళు తిరిగేవి. ఎందుకంటే ఆమె నీళ్ళలో పెరిగిన మనిషి. నంద్యాల పక్కన కాలువ గట్టు ఊరు ఆమెది. పెండ్లయ్యేదాకా కేసీ కాలువలో మునగని ఎండాకాలం లేదు. పెండ్లయిన కాడ్నుంచి ఆమెకు దొరికిన నీళ్ళు బకెట్లో నీళ్ళే.

కాబట్టి హాల్లో ఆ నవ్వులు వింటాంటే ఆమెకు ఒళ్ళు మండింది. టీ వడగడతా వడగడతా గిన్నెను గట్టు మీద ఠంగుమని పెట్టింది.

అప్పుడే పవన్ చేతులు కడుక్కునేదానికి వంటింట్లోకొచ్చినాడు. కంపెనీ తరఫున నంద్యాల, ఆళ్ళగడ్డ పక్క చూసుకునే ఆఫీసరు. మంచి మర్యాదస్తుడు. తువ్వాలతో చేతులు తుడుచుకుంటా అన్నాడు: “అమ్మా, ఈసారన్నా మీరు రావల్ల. ఎప్పుడడిగినా రానంటారంట కదా.”

“నేనా? ఎవరికి రానంటి?”

“సారే చెప్తారమ్మా. మీకు విమానమంటే కండ్లు తిరుగుతాయంట, నీళ్ళంటే భయమంట. టికెట్టు మొదట మీ పేరు మీదే వస్తాది. సారు ఫోన్ చేసి, ఆమె రానంటాంది, ఆదినారాయణ పేరు రాయండంటారు.”

“నా పేరు మీద యాల వస్తాదప్పా?”

“లైసెన్సు మీది కదమ్మా. డీలరు మీరే. మా లెక్కలో సారు మీ వెంట వచ్చే మనిషి.”

అంగడి తన పేరు మీద ఉందని ఆమెకు తెలియక కాదు. ఇన్‌కంటాక్సు బాధ పడలేక ఎప్పుడో జనార్దనమే రాయించినాడు. ఈడ పెట్టు, ఆడ పెట్టు అని వేలు చూపిస్తే ఆమె సంతకాలు పెడతానే ఉంది. ఆ పేరుకు ఒక సీటు కూడా వస్తాదని మాత్రం ఎవరూ చెప్పలేదు. ఇన్నేండ్లూ తననెవరూ పిలవలేదనుకుంటాండె. పిలిచినారు. మలేషియా పిలిచింది, దుబాయి పిలిచింది. పిలిచిన ప్రతిసారీ లక్ష్మీకాంతమ్మ ఛీ, నేను రానని చెప్పింది. లక్ష్మీకాంతమ్మకే తెలీకుండా!

అరికాలి మంట నెత్తికెక్కింది ఆమెకు. గొంతు మాత్రం లేపలేదు. “పవనూ, దీవా, బ్యాంకాకా అని ఎప్పటికి చెప్పల్ల?”

“శనివారం లోపలమ్మా. దీవి వద్దనేవాళ్ళకు బ్యాంకాకు. డీలరు ఏదంటే అది.”

“అయితే డీలరు ఇంకా చెప్పలేదు. నేను ఫోన్ చేసేదాకా మా అంగడి పేరుకు ఎదురుగా ఏమీ రాయొద్దు.”

పవన్ ఒకసారి హాలు పక్కకు చూసినాడు, ఒకసారి ఆమె మొగం చూసినాడు. సరేనమ్మా అనేసి బేగా బయటపడినాడు.

అప్పుడే హాల్లోకి పోయి నాలుగు దులిపేసి ఉండొచ్చు. పోలేదు. ఎందుకంటే ఆమెకొక అనుమానం. కోపం కొద్దీ దీవి కావాలంటాండానా, లేక నిజంగా అది పోదగ్గ చోటేనా? ఆ హాల్లోవాళ్ళ మాదిరి చూడకుండానే తీర్పు చెప్పేది ఆమెకిష్టం లేదు. చెప్పులేసుకొని దానమ్మ ఇంటికి పోయింది.

దానమ్మది వెనక వీధి. సైన్సు టీచరుగా చేసి రిటైరైంది. ఇద్దరిదీ ఒకే ఊరు, ఒకే బడి. దానమ్మ నాయన ఇమ్మానుయేలు కాలువకు నీళ్ళొదిలే లస్కరు పని చేసేవాడు. కూతురి వీపుకు బెండ్లు కట్టి నీళ్ళలో తోసినప్పుడు, గట్టు మీద నిలబడి ఏడుస్తాండే కోమటోళ్ళ పిల్ల లక్ష్మీకాంతమ్మకు కూడా బెండ్లు కట్టి తోసినాడు. ఆడపిల్లకు ఈత యాలని కాంతమ్మ నాయన తగువుకొస్తే, కాలువ పక్క ఇల్లు కట్టుకున్నావు గదా సామీ, ఇంకెవరికి కావల్ల ఈత అన్నాడంట.

సంగతంతా విని దానమ్మ చర్చి గంట మాదిరి అరిచింది. “నీకు నీళ్ళంటే భయమా? నీకా! మే కాంతా, ఆ మొగోన్ని ఒకసారి నా ముందర కూచోబెట్టు!”

“ఆయన సంగతి తర్వాత. ముందు ఈ దీవి సంగతి చెప్పు. పోదగిందా, కాదా? నా మొగం చూసి చెప్పొద్దు.”

దానమ్మ కళ్ళద్దాలు పెట్టుకొని ఫోనులో వెదికింది. పోయొచ్చినవాళ్ళు రాసిన మాటలన్నీ ఒక్కొక్కటే తెలుగులో చదివి వినిపించింది. అబద్ధమాడలేదు. “పెద్దాస్పత్రి లేదు. నీళ్ళలో ఏమన్నా అయితే ఇంకో దీవికి విమానంలో తీస్కపోవల్లంట.”

“ఊఁ.”

“చిన్న విమానం. గాలెక్కువుంటే ఆ పొద్దు రాదంట.”

“ఊఁ.”

“కరెంటు పోతాంటాదంట.”

“అది మనకేమన్నా కొత్తనా? తుఫాన్లు?”

“ఉంటాయి గానీ ఫిబ్రవరిలో కాదు. టూరు ఫిబ్రవరిలోనే కదా. ఇదో, ఈయనెవరో తిట్టినాడు చూడు. ఈడ నీళ్ళు తప్ప ఇంకేమీ లేదు, నేను తప్పు చేసినా అని.”

“ఇంకోసారి చదువు.”

“ఈడ నీళ్ళు తప్ప ఇంకేమీ లేదు.”

లక్ష్మీకాంతమ్మ గోడకానుకొని కాళ్ళు చాపుకుంది. “కొత్తోళ్ళను దింపుతారా?”

“ఒడ్డు కాడ్నుంచి నడుచుకుంటానే దిగొచ్చంట. నేర్పేవాడు పక్కనే చెయ్యి పట్టుకొని ఉంటాడు. డాక్టరు సర్టిఫికెట్టు మాత్రం కావల్లంట.”

మరుసటి రోజే ఇద్దరూ బస్సెక్కి నంద్యాలకు పోయినారు. డాక్టరు ఇద్దరి ఊపిరితిత్తులూ చూసినాడు, చెవులు చూసినాడు, ముక్కు మూసుకొని గాలి ఊదమన్నాడు, బీపీ రెండు సార్లు చూసినాడు. ఉబ్బసం ఉందా, ఫిట్సొచ్చేవా అని అడిగినాడు. ఈతొచ్చా అన్నాడు. వచ్చన్నారు ఇద్దరూ ఒకేసారి. కాగితం మీద సంతకం పెడతా నవ్వినాడాయన. “ఈ వారమంతా ఆళ్ళగడ్డ డీలర్లే వస్తాండారమ్మా. షుగరు, బీపీ, గుండెకు స్టెంటు. ఒక్కరికీ రాయలేకపోయినా. మీ ఇద్దరికే రాసినా.”

బయట మెట్ల మీద లక్ష్మీకాంతమ్మ ఆగిపోయింది. ఓహో, అదా సంగతి! బంగారం లేదు, అన్నం లేదు అంతా వట్టిది. డాక్టరు వద్దన్నాడని ఒక్కరూ బయటికి చెప్పుకోలేదు. తాము దిగలేని నీళ్ళు కాబట్టి అవి మంచి నీళ్ళు కావంట. తాము దిగలేకుంటే పెండ్లాలూ దిగగూడదంట. ఆళ్ళగడ్డ వచ్చేదాకా బస్సులో ఆమె పళ్ళు నూరుతానే ఉంది.

ఇంటికి పోయేసరికి జనార్దనం, ఆదినారాయణ హాల్లో కూచోని బ్యాంకాకులో ఈసారి ఏ హోటలైతే బాగుంటాదో మాట్లాడుకుంటాండారు. ఆమె చెప్పులు కూడా విడవలేదు.

“ఆదినారాయణన్నా, ఇన్నేండ్లు నా సీట్లో కూచున్నావు. ఇంక లెయ్.”

ఆదినారాయణకు అర్థం కాలేదు. జనార్దనానికి అర్థమైంది. మొగం పాలిపోయింది. లేచి నిలబడిన స్నేహితుణ్ణి ఆపను కూడా ఆపలేదు. ఆ మనిషి గేటు దాటేదాకా ఆమె చూసి, మొగుడి పక్కకు తిరిగింది.

“విమానమంటే కండ్లు తిరుగుతాయన్నారంట నాకు?”

“ఎవడు చెప్పినాడు? ఆ పవన్ గాడేనా?”

“నీళ్ళంటే భయమన్నారంట. నేనెప్పుడన్నా రానంటినా? పోదామా అని మీరెప్పుడన్నా నన్నడిగితిరా?”

“అది కాదే. మొగోళ్ళ గుంపులో ఏం పోతావు, నీకు ఇబ్బందని…”

“నా ఇబ్బంది నన్నడగల్ల! నా నోట్లో మాట నువ్వు పెట్టేదేంది?” పెండ్లయిన ఇన్నేండ్లకు మొదటిసారి మొగుణ్ణి నువ్వనింది. అన్నాక ఆమే ఒక్క క్షణం బెదిరింది. అయినా వెనక్కి తీసుకోలేదు. “నేను దీవికి పోతాండా. డాక్టరు రాసిచ్చినాడు. నీకు రాసియ్యలేదంట కదా.”

జనార్దనం దిగ్గున లేచినాడు. కాసేపు అరిచినాడు. పరువన్నాడు, నలుగురూ నవ్వుతారన్నాడు. ఆమె కదలలేదు. చివరకు వ్యాపారం చేసే మనిషి కదా, బేరానికి దిగినాడు. “సరేలే, ఇద్దరం పోదాం. నేను ఒడ్డున కూచుంటా.”

“వద్దు. నా వెంట దానమ్మ వస్తాది.”

“దానమ్మనా? ఆమెతో ఒకే రూములో పండుకుంటావా? మనోళ్ళకు తెలిస్తే?”

అంతే. ఆ మాటతో మిగిలిన ఆ కాస్త మర్యాద కూడా పాయె. “ఆమె నాయన కట్టిన బెండ్లతో బతికిన ఒళ్ళు నాది! మీ మనోళ్ళలో ఎవడన్నా నన్ను మోకాలు లోతు నీళ్ళలోకి తీస్కపోయినాడా? నీ గుడ్డలంగడాయన ఏ సంబంధమని నా టికెట్టు మీద పోయినాడు? సిగ్గుండల్ల!” అరుస్తానే పవన్‌కు ఫోన్ కలిపింది. “అప్పా, డీలరు మాట్లాడుతాండా. మాకు దీవి. మొదటి పేరు నాది, రెండో పేరు దానమ్మ. ఇంక ఎవరు ఫోన్ చేసినా మార్చొద్దు.”

జనార్దనం కుర్చీలో కూలబడినాడు. గొంతు తగ్గించినాడు. “ఇన్నేండ్ల కాపురం చేసి, ఇంత పగ పెట్టుకున్నావా నా మీద?”

“తీస్కపోలేదని కాదు.” ఆమె ఫోను పక్కన పెట్టింది. “అన్ని దేశాలు తిరిగొస్తివి. ఒక్కదాని గురించన్నా ఇట్ల కూచోబెట్టి నాకు చెప్పినావా? ఆడ ఆకాశం ఎట్లుంది, నీళ్ళెట్లున్నాయి, ఆడోళ్ళు ఏం కట్టుకుంటాండారు, ఏదన్నా? ఒక్క మాట చెప్పుంటే నేనూ పోయొచ్చినట్టే అనుకొని ఊరుకుండేదాన్ని.”

“దానిదేముంది, ఇప్పుడు చెప్తా.”

“చెప్పు. మలేషియా చెప్పు.”

ఎదురుగా కుర్చీ లాక్కొని కూచుంది. జనార్దనం గొంతు సవరించుకున్నాడు. పైకి చూసినాడు, కిందికి చూసినాడు.

“ఆడ… హోటలు శానా పెద్దది.”

“ఊఁ.”

“ఏసీ బాగుండె.”

“ఊఁ. ఇంకా?”

“పొద్దున టిఫిన్లో బ్రెడ్డు పెడతాండ్రి.”

“ఇంకా?”

ఆమె నిజంగానే కాచుకోనింది. జనార్దనానికి ఇంకేమీ గుర్తు రాలేదు.