సైరన్ మోగితేనే కాఫీ

మా బోధన్‌లో విజయ్ పాల్ చేతి కాఫీ తాగాలంటే జేబులో డబ్బులుంటే చాలదు, సైరన్ మోగాలి. చక్కెర ఫ్యాక్టరీ మూతపడి ఏళ్లయింది, దాని సైరన్ కూడా మూగబోయింది. రెండేళ్ల కిందట విజయ్ పాల్‌కు ఏం బుద్ధి పుట్టిందో, నిజామాబాద్‌లో పాత సామాన్ల దుకాణం నుంచి ఓ సైరన్, మా భాషలో భోంగ, కొనుక్కొచ్చి బేకరీ కప్పు మీద బిగించాడు. పొద్దున, మధ్యాహ్నం, రాత్రి పాత షిఫ్టుల వేళకు దాన్ని మోగిస్తాడు. అది మోగాకే డికాక్షన్ గిన్నె మూత తీస్తాడు.

"అన్నా, బస్సు పోతది. ఒక్క కాఫీ పొయ్యి," అని ఎన్నిసార్లు బతిమాలానో.

"షిఫ్టు ఇంక ఇడ్వలే," అంటాడు గడియారం చూస్తూ.

"ఏ షిఫ్టు అన్నా? ఫ్యాక్టరీ గేటుకాడ తుమ్మచెట్లు మొలిచినయ్."

"గేటు వాళ్లది. టైం నాది. కూసో."

నవీపేట్ బస్సు నా కళ్ల ముందే వెళ్లిపోయేది. తిట్టుకుంటూ కూర్చునేవాణ్ని. కాఫీ నోట్లో పడ్డాక ఎవరిని తిట్టానో గుర్తుండేది కాదు.

ఈ పిచ్చి వంశపారంపర్యం. విజయ్ పాల్ తండ్రి ఎర్రయ్య ఫ్యాక్టరీకి వచ్చిన ఓ మద్రాసు ఇంజనీరు ఇంట్లో వంట చేస్తూ కాఫీ నేర్చుకున్నాడు. తర్వాత గేటు ఎదురుగా బట్టీ కట్టి బెత్లెహేము కాఫీ అండ్ బేకరీ పెట్టాడు. సైరన్ మోగే వేళకు బన్నులు బట్టీలోంచి దిగాలని ఆయన నియమం. ఓసారి పాస్టరు గారు ఇంట్లో ప్రార్థన చేస్తుంటే సైరన్ మోగిందట. ఎర్రయ్య మధ్యలోనే "ఆమేన్" అనేసి బట్టీ దగ్గరికి పరుగెత్తాడని ఇప్పటికీ చెప్పుకుంటారు.

బేకరీ ఎదురింట్లో ఉండే రిటైర్డ్ హెడ్మాస్టరు రామ్‌దాస్ సార్‌కు మాత్రం ఈ సైరన్ గిట్టదు. ఆయన పగటి నిద్ర సరిగ్గా మధ్యాహ్నం షిఫ్టుకే పాడవుతుంది. ఓరోజు నన్ను సాక్షిగా వెంటేసుకుని బేకరీకి వచ్చారు.

"ఇయ్యాల అది దించుతవా, నన్ను మున్సిపాలిటీకి పొమ్మంటవా?"

"బన్ను వద్దంటే మానేస్త సార్. కాఫీ బందు చెయ్యమన్నా చేస్త. భోంగ మాత్రం దించ."

అంతలో వేళయింది. విజయ్ పాల్ స్విచ్ నొక్కాడు. కరెంటు లేదు. మళ్లీ నొక్కాడు. మనిషి ముఖం పాలిపోయింది.

గోడ అవతలి నుంచి వెనకింటి ఈరవ్వ గొంతు వినిపించింది. "విజయ్ కొడుకా, భోంగ మోగలే? ముసలాయన కంచం ముందట కూసున్నడు. షిఫ్టు దిగలే, తిననంటుండు."

ఆ ముసలాయన ఈరవ్వ భర్త లింబయ్య. ఫ్యాక్టరీలో ఉన్నన్నాళ్లూ సైరన్ వేసింది ఆయనే.

"రెండేండ్లాయె సార్, ఆయనకు యాది ఉంటలేదు," అన్నాడు విజయ్ పాల్ గొంతు తగ్గించి. "పొద్దో మాపో తెల్వదు. భోంగ ఇంటేనే ముద్ద ముడతడు."

"గీ మాట ముందే చెప్తే నేను కాదంటనా?"

"ఊరందరికి టైం చెప్పిన మనిషి సార్. గాయనకే టైం తెలుస్తలేదని నలుగురికి ఎట్ల చెప్పాలె?"

విజయ్ పాల్ స్టూలెక్కి, నోటికి చేతులు అడ్డుపెట్టి కూత పెట్టాడు. కంచెలో ఇరుక్కున్న మేక అరిచినట్టుంది. గోడ అవతల కంచం చప్పుడు లేదు.

"దిగు," అన్నారు రామ్‌దాస్ సార్. బడి మొత్తాన్ని మైకు లేకుండా నిలబెట్టిన గొంతు అది. పంచె బిగించి స్టూలెక్కి "ఊఁ..." అని అందుకున్నారు. వీధి కుక్కలన్నీ ఆయనతో గొంతు కలిపాయి.

అవతల కంచం చప్పుడైంది. తర్వాత లింబయ్య గొంతు: "భోంగ జర బొంగురు వోయింది. ఫిట్టరుకు చెప్పాలె. ఇగ చారు పొయ్యి."

నాకు నవ్వాగలేదు. వాళ్లందరి మీద చెప్పలేనంత ప్రేమ పుట్టింది.

ఇప్పుడు కరెంటు పోయిందంటే చాలు, రామ్‌దాస్ సార్ నిద్ర మానుకుని గొంతు సవరించుకుంటూ బేకరీలో స్టూలు పక్కన నిలబడతారు. మొన్న అట్లాంటి వేళే నేను బస్సు తొందరలో వెళ్లి, "అన్నా, ఒక్క కాఫీ," అన్నాను.

విజయ్ పాల్ నోరు తెరవకముందే సార్ నన్ను కసిరారు.

"కూసో. నేనింక మోగలే."