భయం కాదు సార్, నా ఊపిరితిత్తుల్లో నీళ్లు

తిరువళ్లూరు స్విమ్మింగ్ పూల్‌లో పదహారో లెంగ్త్ సగంలో ఉండగా నాకు దగ్గు వచ్చింది. నీళ్లు మింగానేమో అనుకున్నాను. ఈత సరిగా రానివాళ్లకు నీళ్లు మింగడం కొత్తేమీ కాదు. అంతకుముందు మూడు నెలల్లో ఆ పూల్‌లో సగం నేనే తాగి ఉంటాను. కానీ ఈ దగ్గు గొంతులోంచి రావడం లేదు, ఛాతీ అడుగునుంచి వస్తోంది. ఊపిరి తీస్తే సగంలోనే ఆగిపోతోంది. గోడ పట్టుకుని నిలబడితే లోపల పప్పు ఉడుకుతున్నట్టు గురగురమని చప్పుడు.

గట్టు మీదనుంచి కోచ్ అరిచాడు. "బయప్పడాదీంగ మేడమ్! మీ జబ్బు భయమే. భయపడకుండా తల లోపల పెట్టి పొండి!"

ఆయన మాట విని ఇంకో రెండు లెంగ్త్‌లు ఈదాను. ఇప్పటికీ నా మీద నాకు మండిపోయేది అందుకే. పైకొచ్చి కాలవలో ఉమ్మితే లేత గులాబీ రంగు నురగ పడింది. కోచ్ వంగి చూసి, "నాలిక కరుచుకుని ఉంటారు" అన్నాడు. నా నాలిక నాకు తెలియదా! మనిషి నోట్లోంచి రంగు నురగ వస్తుంటే ఆయనకు కనపడింది నా పిరికితనం ఒక్కటే.

నా సంగతి చెప్పాలి. నాకు నలభై రెండేళ్లు. పుట్టిల్లు తిరుత్తణి దగ్గర మగ్గాల వీధి. మెట్టినిల్లు తిరువళ్లూరు బజారులో బట్టల కొట్టు. కొట్టు పక్క గదిలో జాకెట్లు కుడతాను. రెండేళ్ల కిందట బీపీ ఉందని తేలింది. రోజుకో మాత్ర ఇచ్చి, నడవమన్నారు. నడక పరుగైంది. పరుగుకు సైకిలు తోడైంది. ఆదివారాలు పట్టాభిరామ్ దాకా తొక్కుకుంటూ పోయి, టీ తాగి, కొట్టు తెరిచే వేళకు వెనక్కి వచ్చేదాన్ని. ఆ ఊపులో ట్రయథ్లాన్‌కు పేరిచ్చాను. సముద్రంలో దాదాపు రెండు కిలోమీటర్ల ఈత, తొంభై కిలోమీటర్ల సైకిలు, ఇరవై ఒక్క కిలోమీటర్ల పరుగు, అన్నీ ఒకే రోజు. సైకిలూ పరుగూ నేను చూసుకోగలను. ఈత ఒక్కటే నా ప్రాణానికి వచ్చింది. అందుకే తిరుత్తణి సామికి మొక్కుకున్నాను. ఈత గట్టెక్కించమని, తైపూసం పండగకు కొండ మెట్లెక్కి పాలకుండ మోస్తానని చేతికి కాప్పు కట్టుకున్నాను. కాప్పంటే పసుపు దారమే. అది కట్టాక నలభై ఎనిమిది రోజుల నియమం.

మొదటి దగ్గు కాప్పు కట్టిన పదో రోజు వచ్చింది. మరునాడు సాయంత్రం మా వీధి చివరి క్లినిక్‌కు వెళ్లాను. అప్పటికి దగ్గు తగ్గింది. డాక్టరు నా ముఖం కూడా సరిగ్గా చూడలేదు.

"టాబ్లెట్స్ ఏమైనా తీసుకుంటున్నారా?"

"లేదు సార్."

"యాంగ్జయిటీ అమ్మా. నలభై దాటిన ఆడవాళ్లకు కామన్. ఈ వయసులో నీళ్లలో దిగితే గుండె దడ రాదా మరి?"

బీపీ మిషన్ ఆయన బల్ల మీదే ఉంది. దాన్ని నా చేతికి చుట్టడానికి ఆయనకు తీరిక లేదు. నిద్రమాత్ర రాసి పంపించాడు. రాత్రి హాయిగా నిద్రపోతున్నదానికి నిద్రమాత్ర ఎందుకో ఆయనకే తెలియాలి. ఆ చీటీ నేను మందుల షాపుకు తీసుకెళ్లనే లేదు.

రెండు వారాల తర్వాత పూల్‌లోనే మళ్లీ వచ్చింది. ఈసారి పదో లెంగ్త్‌కే. ఆ రాత్రి పడుకోలేక దిండు గోడకానించి కూర్చున్నాను. మా ఆయన భయపడి, చెన్నైలో ఛాతీ డాక్టరు అపాయింట్‌మెంట్ తీసుకున్నాడు. అది దొరికింది మూడో రోజుకు. ఎక్స్‌రే తీశారు. "చెస్ట్ క్లియర్" అన్నాడాయన. నురగ గురించి చెప్పగానే, "రక్తం అంటున్నారు కాబట్టి టీబీ రూల్ అవుట్ చేద్దాం" అని కఫం పరీక్ష రాశాడు.

ఇక ఇంట్లో నా బతుకు చెప్పకూడదు. మా అత్త నా గ్లాసు విడిగా పెట్టింది. "ఎందుకైనా మంచిదమ్మణ్ణీ, కొన్నాళ్లు వంటింట్లోకి రావాకు" అంది. జాకెట్టు కొలతకు వచ్చే ఆడవాళ్లు వాకిట్లోనే నిలబడి, పాత జాకెట్టు ఆది అని విసిరేసి పోయారు. పరీక్షలో ఏమీ లేదని తేలేదాకా ఆ వారం రోజులు నేను ఇంట్లో అంటరానిదాన్ని. ఫలితం వచ్చాక క్షమించమని ఒక్కరూ అనలేదు. గ్లాసు మాత్రం తన చోటికి తాను వచ్చింది.

ఛాతీ డాక్టరు దగ్గరికి మళ్లీ వెళ్లాను. ధైర్యం చేసి అడిగాను. "ఇరవై కిలోమీటర్లు పరిగెత్తితే రాదు సార్. సైకిలు తొక్కితే రాదు. నీళ్లలోనే ఎందుకొస్తాది?"

"ఆస్తమా టెండెన్సీ ఉండొచ్చు. పూల్‌లో క్లోరిన్ కదా, అలర్జీ కూడా కావచ్చు. లేకపోతే పానిక్. ఈ ఇన్‌హేలర్ వాడి చూడండి."

చూడండట! ఏది తగిలితే అది అన్నట్టు రాళ్లు వేస్తున్నాడు. నేను అడిగినదానికి జవాబు మాత్రం రాలేదు. అయినా క్లోరిన్ అనే మాట నా బుర్రలో పడింది. పూల్ నీళ్లు పడకపోతే బావి నీళ్లలో ఈదితే సరి. తిరువాలంగాడు దగ్గర మా మేనమామకు పొలం ఉంది, అందులో పెద్ద దిగుడు బావి ఉంది. ఊళ్లో పిల్లలందరికీ మామే ఈత నేర్పుతాడు. రేసు ఇంకా నెల కూడా లేదు. అలా కాప్పు కట్టిన ముప్పై ఎనిమిదో రోజు తెల్లవారే మామ దగ్గరికి చేరాను.

బయలుదేరేముందు మా అత్త పెద్ద చెంబు నిండా మజ్జిగ తాగించింది. దారిలో ఒక లీటరు నీళ్లు నేనే తాగాను, నీళ్లు బాగా తాగాలని మా ట్రయథ్లాన్ గ్రూపులో రోజూ చెబుతుంటారు కాబట్టి. లోతు బావి కదా అని, మునగకుండా మామ నా వీపుకు ఖాళీ ప్లాస్టిక్ క్యాను పెట్టి, తాడుతో ఛాతీ చుట్టూ బిగించి కట్టాడు. బావి నీళ్లు ఒళ్లు కొంకర్లు పోయేంత చల్లగా ఉన్నాయి. అందులో గుండ్రంగా ఈదుతూ పోయాను. పది నిమిషాలు కాలేదు. దగ్గు, గురగుర, నోటినిండా నురగ. ఈసారి అది ఎర్రగానే ఉంది. గాలి కోసం నోరు తెరిస్తే గాలి లోపలికి పోవడం లేదు. చచ్చిపోతున్నానని స్పష్టంగా తెలిసింది. అప్పుడు నాకు నిజంగానే భయం వేసింది. ముందు ఊపిరి పోయింది, తర్వాత భయం వచ్చింది. ఇన్నాళ్లూ అందరూ నాకు దీన్నే తలకిందులు చేసి చెబుతూ వచ్చారు.

మామ చదువుకున్నవాడు కాదు. మెట్లమీదనుంచి నన్ను చూసి ఒక్క దూకు దూకి, జబ్బ పట్టి గట్టుకు లాగి, తాడు కోసేశాడు.

"భయం మామా, ఏమీ లేదు" అన్నాను. చూడండి నా తెలివి! విని విని ఆ మాట నా నోటికే వచ్చేసింది.

"భయపడినోళ్లను నేను చూళ్లేదా పాపా? నలభై ఏండ్లుగా పిలకాయలకు ఈత నేర్పతా ఉండా. భయపడితే అరస్తారు, నన్ను పట్టుకుంటారు. నీకు అరిచే ఊపిరి యాడుండాది? పెదాలు నీలంగా ఉండాయి. లెయ్, ఆసుపత్రికి పోదాం."

పక్క పొలం వాళ్ల కారులో తిరువళ్లూరు తీసుకొచ్చాడు. దారంతా వెనక్కి వాలలేక ముందుకు వంగి కూర్చున్నాను. ఎమర్జెన్సీలో డ్యూటీ డాక్టర్ ఒక చిన్నపిల్ల. పొన్నేరి అమ్మాయి, మన తెలుగే. వేలికి క్లిప్పు పెట్టింది. "శాచురేషన్ ఎనభై నాలుగు" అంది. చేతికి పట్టీ చుట్టింది. "బీపీ నూటతొంభై బై నూటపది. ఆక్సిజన్ పెట్టండి. ఎక్స్‌రే ఇప్పుడే, బెడ్ దగ్గరే తీయండి." తర్వాత నా చెవి దగ్గరికి వంగి అడిగింది. "అక్కా, ఆయాసం నీళ్లలో ఉన్నప్పుడే మొదలైనాదా, బయటికొచ్చినాకనా?"

నెలరోజుల్లో ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆ పిల్ల. నాకు ఏడుపొచ్చింది.

"నీళ్లలోనే. మూడుసార్లూ నీళ్లలోనే."

"బీపీ ఇంతకు ముందే ఉండిందా?"

"ఉండె. రెండేండ్లుగా."

"మాత్ర వేసుకుంటా ఉండారా?"

"కాప్పు కట్టినా కదమ్మా. ఆపినా."

అవును, ఆపాను. కాప్పు కట్టుకున్నాక ఇంగ్లీషు మందు తాకకూడదని మా అత్తగారింట్లో పద్ధతి. గుడ్డూ మాంసమూ మానేసినట్టే నేను మాత్ర కూడా మానేశాను. క్లినిక్ డాక్టరు "టాబ్లెట్స్ తీసుకుంటున్నారా" అంటే "లేదు" అన్నాను. అబద్ధం కాదు గదా, ఆ రోజుల్లో తీసుకోవడం లేదు. చెన్నైలోనూ అదే ప్రశ్న, అదే జవాబు. ఏమైనా మానేశారా అని ఇద్దరూ అడగలేదు. చెప్పాలని నాకూ తోచలేదు. ఇందులో తప్పు నాది కూడా, ఒప్పుకుంటాను. కానీ అడగడం కోసమే ఫీజు తీసుకునేవాళ్లది కాదా?

ఎక్స్‌రేలో రెండు ఊపిరితిత్తులూ తెల్లగా మబ్బు పట్టి ఉన్నాయి. ఒంట్లో నీరు లాగే ఇంజెక్షన్ చేశారు. గుండెపోటు కాదని తేల్చుకోవడానికి ఈసీజీ, ట్రోపోనిన్ రక్తపరీక్ష, ఎకో, అన్నీ చేశారు. మధ్యాహ్నానికి గురగుర తగ్గాక ఆ పిల్లే వచ్చి మంచం అంచున కూర్చుని చెప్పింది.

"దీన్ని స్విమ్మింగ్ ఇండ్యూస్డ్ పల్మనరీ ఎడీమా అంటారక్కా. నీళ్లలో దిగితే కాళ్లూ చేతుల్లో రక్తం ఛాతీలోకి తోసుకొస్తాది. చల్లనీళ్లయితే ఇంకా ఎక్కువ. మీకేమో బీపీ మాత్ర లేదు, కడుపు నిండా నీళ్లు తాగినారు, పైగా ఛాతీకి తాడు బిగించినారు. ఆ ఒత్తిడికి ఊపిరితిత్తుల్లోకి నీరు కారినాది. బావి నీళ్లు కాదు, మీ ఒంట్లో నీరే."

"మరి చెన్నైలో ఎక్స్‌రే బాగుందన్నారే?"

"మూడో రోజు తీస్తే ఏం కనపడతాది? ఒకటి రెండు రోజుల్లో ఆ నీరు తీసేసుకుంటాది ఒళ్లు."

అంటే సాక్ష్యం ఆరిపోయాక చూసి, నాకేమీ లేదని తీర్పు చెప్పారన్నమాట. ఆక్సిజన్ మాస్కు లేకపోయి ఉంటే ఆ వార్డు అదిరేలా అరిచేదాన్ని.

రెండు రోజులకు ఇంటికి పంపారు. మా అత్త గుమ్మంలోనే, "కాప్పు కట్టిన చేత్తో బావిలో దూకితే సామికి కోపం రాదా?" అంది. "సామికి ఏ కోపమూ లేదత్తా, మాత్ర ఆపినందుకు నా గుండెకే కోపమొచ్చినాది" అని ఆమె ఎదురుగానే మాత్ర మింగాను. మర్నాడు నా మంచం దగ్గర నీళ్ల గ్లాసూ మాత్రా ఆమే పెట్టి పోయింది. ఆ తైపూసానికి పాలకుండ మోయలేదు, మెట్లు ఎక్కవద్దన్నారు. తర్వాత వచ్చిన కృత్తిక పండగకు మోశాను. పొద్దున మాత్ర వేసుకునే మోశాను.

గుండె డాక్టరు ఎకో చూసి, బీపీ వల్ల గుండె కండ కాస్త మందమైందన్నాడు. "రేసు వద్దు. ఒకసారి వచ్చినవాళ్లకు మళ్లీ రావచ్చు" అన్నాడు. కోచ్‌కు ఫోన్ చేసి జబ్బు పేరు ఒక్కో అక్షరం చెప్పాను. ఆయన విని, "మైండ్ స్ట్రాంగ్ కావాలి మేడమ్" అన్నాడు. గ్రూపులో ఎవరో, భయాన్ని గెలిచినవాళ్లే ఒడ్డు చేరుతారని రాశారు. దానికి పదిహేను బొటనవేళ్లు. నా ఎక్స్‌రే ఫోటో పెట్టి, "ఇదిగో నా భయం, రెండు వైపులా తెల్లగా ఉంది చూడండి" అని రాశాను.

మూడు నెలలు బీపీ అదుపులో ఉన్నాక, డాక్టరు ఒప్పుకున్నాక, మెల్లగా పూల్‌లో దిగాను. మా ఆయన గట్టు మీద కూర్చున్నాడు. ఎనిమిదో లెంగ్త్‌లో చిన్న దగ్గు. వెంటనే పైకొచ్చేశాను. వేలికి క్లిప్పు పెట్టి చూసుకుంటే శాచురేషన్ తొంభై ఒకటి. ఆ రోజు బట్టలు మార్చుకునే గదిలో కూర్చుని బాగా ఏడ్చాను. సముద్రం ఈది ఒడ్డెక్కాలన్న ఆశ అక్కడే వదులుకున్నాను. తేలికగా వదులుకున్నానని ఎవరైనా అంటే వాళ్లతో నేను మాట్లాడను.

ఇప్పుడు ఎండ వేళ, వెచ్చని నీళ్లలో, నాలుగు లెంగ్త్‌లకు మించి ఈదను. నేను దిగితే గట్టు మీద ఒక మనిషి ఉండాల్సిందే. పరుగూ సైకిలూ కలిసిన పోటీలు ఉన్నాయి, వాటికి పోతున్నాను. మొన్నొక దాంట్లో నా వెనక పదకొండుమంది ఉన్నారు, అందులో ఆరుగురు మగవాళ్లు. మాత్ర రోజూ వేసుకుంటాను. ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా వేసుకునేవీ మానేసినవీ రెండూ అడగకముందే చెబుతాను.

ఇది చదివేవాళ్లలో నాలాగా ఈత అంతంతమాత్రంగా వచ్చి, పెద్ద పోటీకి తయారయ్యేవాళ్లు ఉంటారు. మీకు చెప్పేది ఒక్కటే. నీళ్లలో దగ్గు మొదలై ఊపిరి అందకపోతే ఆ లెంగ్త్ పూర్తి చేయకండి. చెయ్యెత్తి బయటికి వచ్చేయండి, నురగ పడితే ఆ గంటలోనే ఆసుపత్రికి వెళ్లి ఎక్స్‌రే తీయమనండి. పిరికిదంటారు, పరువు పోయిందంటారు. అననివ్వండి. వాళ్లతో పోట్లాడాలన్నా మీకు ఊపిరి కావాలి. ముందు బయటికి రండి.