తెర ఇవతల నుంచి నేను చెప్పిన జవాబులు

ఆ రోజు మా చెల్లెలు రుక్మిణి పచ్చీసు గవ్వలన్నీ ఏరి బావిలో పోసింది. రోజూ తనతో ఆడడానికి వచ్చే పక్కింటి పిల్ల చెప్పకుండా అత్తగారింటికి వెళ్లిపోయింది. కారణం అంతే. రుక్మిణి రెండు రోజులు అన్నం ముట్టలేదు. "అందరు పోతరన్నా. నువ్వు గూడ పోతవు" అంది. మూడో రోజు పొద్దున తలంటుకొని, ఏమీ జరగనట్టు నవ్వుతూ తిరిగింది. నేను అలక అనుకున్నాను. కాని అలక తీరితే ముఖం తేటపడుతుంది. ఆమె ముఖం తేటపడలేదు. అది చూసి కూడా చూడనట్టు ఊరుకున్నాను.

నిజాం మీద పోలీసు చర్య జరిగిన పదేండ్ల తర్వాతి సంగతి ఇది. మాది జడ్చర్లకు అవతల, ఎర్రమట్టి దారిలో వెళ్లాల్సిన ఊరు. ఒకప్పుడు చుట్టుపక్కల ఊళ్ల మీద మా పెత్తనం ఉండేది. నాకు మిగిలింది కోటలాంటి మా గడీలో కూలిపోని సగం, ఒక జత ఎడ్లు, ఇంటిపేరు. అమ్మానాయినలు పోయారు. రుక్మిణికి పంతొమ్మిదేండ్లు, నాకు ముప్పై. మా ఇంటి ఆడవాళ్లు పరాయి మగవాళ్ల కంటబడరు. బయటికి వెళ్తే తెర కట్టిన ఎడ్లబండిలో, మేము కచ్చడం అంటాము, అందులో వెళ్తారు. హకీం వచ్చినా తెర చాటు నుంచి చెయ్యి మాత్రం చాపుతారు. ఆయన అడిగినదానికి ఇంటి పెద్ద జవాబు చెప్తాడు. ఈ మర్యాద గురించి ఇంతగా ఎందుకు రాస్తున్నానంటే, నా తప్పంతా అందులోనే ఉంది.

ఆ ఎండాకాలం, పొద్దుగూకేలోపు వస్తానని చెప్పి మహబూబ్‌నగర్ వెళ్లాను. బస్సు తప్పిపోయి మరునాడు వచ్చాను. రుక్మిణి ఎడమ చేతికి గుడ్డ చుట్టుకొని కూర్చుంది. తనకు తానే గాయం చేసుకుంది. నన్ను చూసి కాళ్ల మీద పడింది. మధ్యాహ్నానికి "నువ్వే నా శత్రువు" అని కంచం విసిరింది. సాయంత్రం మళ్లీ నా పక్కన కూర్చొని ఏడ్చింది.

కచ్చడం కట్టించి జిల్లా దవాఖానకు తీసుకుపోయాను. మంచం చుట్టూ మా ఇంటి తెర కట్టించాను. డాక్టరు అడిగాడు, నేను చెప్పాను. ఇంట్లో ఏమైనా కష్టమా? ఏ లోటూ లేదు. నిద్ర? పడుతుంది. ఎవరి మీదైనా కోపమా? మా ఇంటి ఆడపిల్లకు కోపమెందుకు?

"హిస్టీరియా. పెండ్లి చేయండి, కుదురుకుంటుంది" అన్నాడు డాక్టరు.

పెండ్లి కుదరలేదు. గాయాలు ఆగలేదు. రెండేండ్లలో హైదరాబాద్‌లోని ఒక పెద్ద దవాఖానకు మూడుసార్లు వెళ్లాము. దాని పేరు రాయను. అక్కడ కూడా తెర ఇవతల నుంచి జవాబులు నేనే చెప్పాను. అక్కడ నిద్రమాత్రలు ఇచ్చారు, ఎలక్ట్రిక్ షాక్ పెట్టారు. రుక్మిణి కొన్నాళ్లు మబ్బుగా ఉండేది, తర్వాత మామూలే. ఆ వార్డులో నిజంగా మతి తప్పినవాళ్ల మీద జాలి చూపేవారు. మా చెల్లెలి మీద ఆ జాలి కూడా లేదు. "నాటకం చేస్తది. పట్టించుకుంటే ఇంకా ఎక్కువ చేస్తది" అని ఆయా నా ముందరే అంది. మూడోసారి చేతికి కుట్లు వేయాల్సి వచ్చింది. మత్తుసూది ఏదని అడిగితే డ్యూటీ డాక్టరు తల ఎత్తకుండా అన్నాడు: "కావాలని చేసుకున్నదానికి మత్తెందుకు? నొప్పి తెలిస్తే మళ్లీ చేసుకోదు."

రుక్మిణి పండ్లు బిగబట్టి కుట్లు వేయించుకుంది, అరవలేదు. నేను నిటారుగా నిలబడి ఉన్నాను. మా వంశంలో ఎవరూ బతిమాలలేదు కాబట్టి నేనూ బతిమాలలేదు. ఆ నిటారుతనాన్ని తలచుకుంటే నాకు ఇప్పటికీ సిగ్గు.

డిశ్చార్జ్ కాగితం మీద ఎర్రసిరాతో, మళ్లీ చేర్చుకోవలసిన అవసరం లేదని రాశారు. ఈసారి గాయం లోతుగా అయితే ఎక్కడికి పోవాలి? నా చెల్లెలు బతకదని ఆనాడు మొదటిసారి భయపడ్డాను.

ఎవరో చెప్తే మహబూబ్‌నగర్‌లోనే ఒక చిన్న మిషన్ దవాఖానకు వెళ్లాము. అక్కడి నర్సు సువార్తమ్మ. నేను మామూలుగానే మంచం చుట్టూ తెర కట్టించి, ఇవతల కుర్చీ వేసుకొని కూర్చున్నాను. ఆమె తెర వైపు తిరిగి అడిగింది.

"అమ్మా, ఎట్లున్నది పానం?"

"నిన్నటి కంటే నయం" అన్నాను నేను.

"అన్నం తిన్నవా?"

"తిన్నది."

సువార్తమ్మ నా వైపు తిరిగింది. "దొరా, రోగం మీకా, అమ్మకా?"

"మా ఇంటి రివాజు ఇది" అన్నాను.

"నాకెరుకనే. మా నాయిన మీ కచ్చడం ముందల ఉరికెటోడు. ఎండల, వానల, చెప్పులు లేకుంట. తెర తీసే హుకుం ఆయనకు లేకుండె." ఆమె తెర పట్టుకుంది. "నాకున్నది. జర బయట కూసోండ్రి."

నాతో ఎవరూ అట్లా మాట్లాడలేదు. లేచి రుక్మిణిని తీసుకొని వెళ్లిపోదామనుకున్నాను. కాని నా జేబులో ఎర్రసిరా కాగితం ఉంది. వరండాలోకి వెళ్లి కూర్చున్నాను. తెర సర్రున జరిగిన చప్పుడు వినబడింది. తర్వాత సువార్తమ్మ స్టూలు దగ్గరికి లాక్కున్న చప్పుడు. ఆ తర్వాత రుక్మిణి గొంతు.

"నేను సచ్చిపోనీకి చేసుకోలేదమ్మా. లోపల మంట పుడ్తది. అన్న గీ యాల్లకు వస్తనంటడు, ఆ యాల్లకు రాడు. గింత మాటకే లోకమంత ఇడిసిపెట్టి పోయినట్టయితది నాకు. గీ సంగతి ఎవరు అడగలే. అన్న చెప్పిన రుక్మిణి వేరే, నేను వేరే."

రెండేండ్లు ఆమె పక్కనే కూర్చొని, ఆమెను డాక్టర్ల కంటికి కనపడకుండా చేసింది నేనే. వాళ్లు నాటకమన్నారంటే, అసలు మనిషి మాట వాళ్ల చెవిన పడనే లేదు. అట్లాగని వాళ్ల తప్పు లేదనను. తెర తీయడానికి ఒక్క నిమిషం పడుతుంది.

ఆ దవాఖానకు వారానికోసారి వచ్చే డాక్టరమ్మ నాతో సూటిగా మాట్లాడింది. "కొందరు దీన్ని బార్డర్‌లైన్ అని రాస్తున్నారు. మాలోనే దీని మీద ఏకాభిప్రాయం లేదు. పేరు పట్టుకొని కూర్చోకండి. ప్రతి గురువారం, అదే మీ బేస్తారం, పది గంటలకు ఆమెను పంపండి. నేను చెప్పిన వేళకు ఉంటాను. మీరూ ఇంట్లో చెప్పిన వేళకు ఉండాలి. తప్పితే తప్పుతుందని ముందే చెప్పండి. మందు ఇదే. ఆలస్యంగా పనిచేస్తుంది."

ఆలస్యంగానే పనిచేసింది. మొదటి ఏడాది రుక్మిణి డాక్టరమ్మను దేవత అంది, నెల తిరక్కుండా దయ్యం అంది. ఒకనాడు సువార్తమ్మను "ఎవరి బిడ్డవో యాదుంచుకో!" అని తిట్టింది. నేను తలదించుకున్నాను. సువార్తమ్మ మాత్రం మంచం దుప్పటి మడత పెడుతూ, "యాదుంది తల్లీ. నువ్వు బేస్తారం యాదుంచుకో" అంది.

మధ్యలో ఎడ్లు అమ్ముడుపోయాయి. ఇక బస్సే దిక్కు. మొదటిసారి బస్సెక్కిన రోజు, మా ఊరివాళ్లందరి ముందు, రుక్మిణి ముసుగు లేకుండా కిటికీ పక్కన కూర్చుంది. "దొరసాని బస్సెక్కిందిరో" అన్నాడు వెనక ఎవడో. నా చెవులు మండాయి. రుక్మిణి వెనక్కి తిరిగి, "అవ్‌నే, టిక్కట్టు గూడ తీసుకున్న. నువ్వు తీసుకున్నవా?" అంది. బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను.

మూడో ఏట మళ్లీ గాయం చేసుకుంది. అది డాక్టరమ్మ వచ్చే రోజు కాదు, మిషన్ దవాఖానలో కుట్లు వేసేవాళ్లు లేరు. గత్యంతరం లేక అదే పెద్ద దవాఖానకు వెళ్లాము. డ్యూటీలో వేరే డాక్టరు ఉన్నాడు. పాత కాగితం చూసి, "ఓ, ఆ కేసా?" అని నా వైపు చూశాడు. అలవాటు కొద్దీ నేను నోరు తెరిచాను. రుక్మిణి నా ముంజేయి పట్టుకుంది.

"నన్ను అడుగుండ్రి. నా పేరు రుక్మిణీదేవి. గాయం నేనే చేసుకున్న. చేసుకున్నంక నేనే అన్నను పిలిచిన. నొప్పి అందరికి అయినట్టే నాకూ అయితది. మత్తుసూది ఇచ్చి కుట్లు వేయండ్రి."

ఆమె వెన్ను వంగలేదు. మా తాతలు ఏనుగు మీద ఊరేగారని చెప్పుకొని గర్వపడుతూ పెరిగాను. డాక్టరు బల్ల దగ్గర నిలబడిన నా చెల్లెలి ముందు ఆ ఏనుగు ఎంత? డాక్టరు పాత కాగితం పక్కన పెట్టి, నర్సును మత్తుసూది తెమ్మన్నాడు.

ఆ తర్వాత గాయం లేదు. మంట ఉంది. మంట వచ్చినప్పుడు నోరు తెరిచి చెప్తుంది, కొన్నిసార్లు అరుస్తుంది, నేను కూర్చుంటాను. మిషన్ దవాఖానలో వారానికి మూడు రోజులు, వచ్చిన రోగులకు చీటీలు రాస్తుంది. కొత్తగా వచ్చిన ఆడవాళ్లను, పక్కనున్న మగవాళ్లు ఎంత తొందరపడినా, వాళ్ల పేరు వాళ్లనే చెప్పమంటుంది.

మీ ఇంట్లో ఇటువంటి రోగి ఉంటే ఒక్క పని చేయండి. డాక్టరు అడిగినప్పుడు మీరు నోరు మూసుకోండి. రోగి జవాబు చెప్పడానికి ఎంతసేపు పట్టినా సరే, ఆగండి.

ఇది రాసి నిన్న రుక్మిణికి చదివి వినిపించాను. చివరన, మా చెల్లెలు పూర్తిగా కోలుకుంది అని ఒక వాక్యం రాసుకున్నాను.

"గిది గూడ నువ్వే చెప్తున్నవా అన్నా?" అంది.

కలం ఆమెకు ఇచ్చాను. ఆ వాక్యం కొట్టేసి, కింద తన చేతిరాతతో రాసింది: 'బేస్తారం పోతున్న.'